గ్రాంటు సంగతి తర్వాత, ముందు కోట హద్దు నుంచి ఇంటిదాకా టేపు పట్టించండి

ప్రశ్న: మాది చంద్రగిరి. రిటైరైన టీచర్ని. కోటకు కూతవేటు దూరంలో మా మామగారి తండ్రి కట్టించిన మిద్దె ఇల్లు ఉంది. ద్వారబంధం పైకమ్మి మీద 1924 అని చెక్కించారు. నడుమ తొట్టి, చుట్టూ పడసాల, టేకు దూలాలు. వీధివైపు రెండు గదులు అద్దెకిచ్చాం. ఇంటిని ఆనుకుని ఊరివాళ్లు వచ్చిపోయే చిన్న రాములవారి గుడి ఉంది. పోయిన వానలకు మిద్దె కారడం మొదలైంది. మా మరుదులిద్దరూ పడగొట్టి మూడంతస్తులు లేపుదామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడేమో ‘అత్తా, ఇక్కడ పాత కట్టడం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ప్రభుత్వం పన్నులో తగ్గిస్తుంది, మన దగ్గరా ఏదో ఉంటుంది, అడుగు’ అంటున్నాడు. నిజంగా ఉందా? ఎవరిని అడగాలి?

సమాధానం:

అమ్మా, ఉన్నమాట ముందే చెప్పేస్తాను. మీరు కాపురముండే సొంత ఇల్లు పాతదైనంత మాత్రాన దాన్ని బాగుచేసుకోవడానికి కేంద్రం నుంచి గ్రాంటు రాదు, ఆ ఖర్చు చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకునే వీలూ లేదు. ఇల్లు వందేళ్లు దాటిందన్నది మీకు గొప్పే గానీ, పన్ను చట్టానికి పట్టదు. మాజీ సంస్థానాధీశులు నివాసముండే ఒక రాజభవనం వార్షిక విలువకు మాత్రం 1961 ఆదాయపు పన్ను చట్టం 10(19ఎ) సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. చంద్రగిరిలో ఉన్నంత మాత్రాన మనం రాజులం కాలేం కదా!

మీ మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. అక్కడ 1976 నుంచి చారిత్రక కట్టడాలకు పన్ను ప్రోత్సాహకాలున్నాయి. ఇప్పుడున్న కేంద్ర పన్ను రాయితీ 20 శాతమే. అయితే ఆ కట్టడం చారిత్రకమైనదని అక్కడి నేషనల్ పార్క్ సర్వీసు ధ్రువీకరించాలి. మరమ్మతు వాళ్లు చెప్పిన పద్ధతిలోనే జరగాలి. పెట్టిన ఖర్చు ఆ భవనానికి లెక్కల పుస్తకాల్లో ఉన్న విలువను మించాలి. 2017లో చట్టం మార్చాక ఆ 20 శాతం కూడా ఒక్కసారిగా రాదు, ఐదేళ్లకు విడగొట్టి ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ భవనం ఆదాయం తెచ్చేదై ఉండాలి. దుకాణమో, ఆఫీసో, హోటలో, అద్దె ఇళ్లో అయితేనే ఇస్తారు. యజమాని తాను ఉండే ఇంటికి అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా ఆ రాయితీ ఇవ్వదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ పన్నులో కొంత తగ్గిస్తాయి. ఆదాయం అనే ఆ షరతును గుర్తు పెట్టుకోండి, మీకూ అక్కరకొచ్చేది అదే.

డబ్బు మాట కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది 20 శాతం కాదు, ‘కోటకు కూతవేటు దూరం’ అన్న మాట. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, రక్షిత ప్రాంతం హద్దు నుంచి నాలుగు వైపులా 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం. అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. దూరం లెక్కపెట్టేది కోటలోని రాజమహల్ గుమ్మం నుంచి కాదు, కోట పాత గోడ నుంచీ కాకపోవచ్చు. రక్షితమని నోటిఫై చేసిన స్థలం హద్దు నుంచి లెక్కపెడతారు. అది ఎక్కడ మొదలవుతుందో పురావస్తు శాఖ వారి పటంలో ఉంటుంది. కోట దగ్గర పనిచేసే ఆ శాఖ సిబ్బందిని అడిగి, సర్వేయరుతో మీ ఇంటి గోడదాకా కొలిపించండి. మిగతా కథంతా ఆ కొలతను బట్టే నడుస్తుంది.

మీ ఇల్లు 100 మీటర్ల లోపల పడిందనుకోండి. అక్కడ ప్రైవేటు వ్యక్తులకు కొత్త కట్టడానికి అనుమతి ఇవ్వరు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు, నవీకరణ మాత్రం అనుమతి తీసుకుని చేసుకోవచ్చు. ఈ రెండు మాటల్లోకి పడగొట్టి మళ్లీ కట్టడం రాదని చట్టమే విడమరిచి చెప్పింది. అంటే మీ మరుదులు రేపు పొక్లెయినర్ తెచ్చి ఇల్లు నేలమట్టం చేస్తే, ఆ జాగాలో మూడంతస్తులు కాదు గదా, ఇప్పుడున్నంత ఇల్లు కూడా లేవదు. ఖాళీ జాగా మిగులుతుంది, దాన్ని కొనేవాడూ ఇదే లెక్క వేసుకుని బేరం చేస్తాడు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఇంటి మీద ప్రేమతో మీరు వాళ్లను ఒప్పించలేకపోయి ఉండవచ్చు. ఈ నియమం రాసిన ఒక్క కాగితం వాళ్ల చేతిలో పెట్టండి, ఆస్తి విలువ తెలిసినవాళ్లు కాబట్టి తొందరగానే అర్థమవుతుంది.

100 నుంచి 300 మీటర్ల నడుమ ఉంటే సంగతి వేరు. అక్కడ కొత్తగా కట్టడానికీ, తిరిగి కట్టడానికీ, మరమ్మతుకూ అన్నిటికీ అనుమతి అడగవచ్చు. ఎంత ఎత్తు, ఎలాంటి కట్టడం అన్నది చూసి ఇస్తారు, లేదా కాదంటారు. 300 దాటితే ఈ గొడవే లేదు, పంచాయతీ, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనలు చూసుకుంటే చాలు.

అనుమతి ఎలా వస్తుందంటారా? రాష్ట్రానికి ఒక సమర్థాధికారి ఉంటారు, అర్జీ ఆయనకు వెళ్తుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు. ఆయన 15 రోజుల్లో ఢిల్లీలోని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత నెలలోపు ఆయన అవుననో కాదనో తేల్చాలి. చట్టంలో గడువులు ఇలా ఉన్నాయి. ప్రభుత్వ గడువులు మీకు నేను చెప్పాలా, ముప్పయ్యేళ్లు ఇంక్రిమెంట్ల కోసం తిరిగినవారు! మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరు వానలు తిరుపతిని ఎలా ముంచాయో చూశారు. మిద్దె పని ఎండల్లో జరగాలంటే అర్జీ సంక్రాంతికి ముందే వెళ్లాలి.

అర్జీతో పాటు ఇల్లు 1992కు ముందు నుంచీ ఉందని రుజువు కావాలి. పైకమ్మి మీద చెక్కిన 1924 మీకు చాలు, ఆఫీసుకు చాలదు. పాత ఇంటిపన్ను రసీదులు, భాగపరిష్కారం దస్తావేజు, కరెంటు బిల్లులు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఏది దొరికితే అది జతచేయండి. ఇల్లు ఇంకా ఉమ్మడిలోనే ఉంటే మీ మరుదుల సంతకాలూ కావాలి. అందుకే ఆ 100 మీటర్ల సంగతి వాళ్లకు ముందుగా చెప్పమన్నాను. సంతకం అడిగే రోజున చెబితే, మీరేదో ఎత్తు వేశారనుకుంటారు.

ఇక డబ్బు. ‘మా ఇంటినే రక్షిత కట్టడంగా ప్రకటించమని అడిగితే ప్రభుత్వమే బాగుచేస్తుంది కదా’ అని కొందరు సలహా ఇస్తారు. కేంద్ర చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కట్టడం అర్హమే. 1960 నాటి మన రాష్ట్ర చట్టం కిందా ఆ దారి ఉంది. యజమానితో ఒప్పందం రాసుకుని నిర్వహణ చూసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ ఆ ఒప్పందంలో ఇంటిని ఎలా వాడాలి, ఏం మార్చకూడదు, జనాన్ని ఎప్పుడు లోపలికి రానివ్వాలి అన్నవన్నీ రాస్తారు. వంటగదిలో కొత్త గూడు పెట్టించాలన్నా అడగాలి. పైగా మామూలు కాపురం ఇళ్లను అలా ప్రకటించడం చాలా అరుదు. కారుతున్న మిద్దె కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను.

నేషనల్ కల్చర్ ఫండ్ పేరు మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. 1996లో పెట్టారు. అందులో పన్ను మినహాయింపు దక్కేది విరాళం ఇచ్చినవారికి. ఆ డబ్బు వెళ్లేది కోటలకూ గుళ్లకూ. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యతకు తమ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఆ జాబితాలో ఉంది. అదీ ఒకరి సొంతింటికి పనికిరాదు, ట్రస్టు నడిపే సత్రానికో గ్రంథాలయానికో పనికొస్తుంది. కడప జిల్లా గండికోటను 2018లో ఒక సిమెంటు సంస్థ దత్తత తీసుకుందని చదివే ఉంటారు. అది పర్యాటక శాఖ పథకం, ప్రభుత్వ కట్టడాలకే. ఇన్‌టాక్ అనే సంస్థ 1984 నుంచి వారసత్వ కట్టడాల మీద పనిచేస్తోంది. వాళ్లు డబ్బివ్వరు గానీ, సున్నం పని తెలిసిన ఇంజనీరెవరో, పాత కట్టడాన్ని ఎలా చూడాలో చెప్పగలరు. అర్జీకి జతచేసే అంచనాలు అలాంటి ఇంజనీరుతో రాయిస్తే బరువుంటుంది.

మీకు నిజంగా పనికొచ్చేవి చిన్న చిన్న వెసులుబాట్లు. అద్దె గదుల సంగతి ముందు చూద్దాం. అద్దె ఆదాయంలో ఇంటిపన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరిట చట్టమే తీసేస్తుంది. మీరు పైసా ఖర్చు పెట్టకపోయినా 30, ఇంటెడు డబ్బు పోసినా 30. బ్యాంకులో మరమ్మతు అప్పు తీసుకుంటే, అద్దెకిచ్చిన భాగానికి చెందిన వడ్డీ తగ్గించుకోవచ్చు. మీరుండే భాగానికి మరమ్మతు అప్పు వడ్డీ ఏడాదికి 30,000 దాకానే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో ఉంటే మీరుండే భాగానికి ఏమీ రాదు, అద్దె భాగం వడ్డీ కూడా అద్దెకు మించి పెన్షన్ మీద సర్దుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ పాత చట్టం 24వ సెక్షన్ మాటలు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం కింద సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటర్‌తో మాట్లాడేటప్పుడు కంగారు పడకండి.

మరో సంగతి, ఇది మీకన్నా మీ పిల్లలకు పనికొస్తుంది. ఎప్పుడైనా ఈ ఆస్తి అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. 2001 ఏప్రిల్ 1కి ముందే కుటుంబానికి వచ్చిన ఆస్తికి ఆ తేదీ నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, కాకపోతే అది నాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. దూలాలు మార్చడం, మిద్దె పూర్తిగా తిరగేయడం లాంటి పెద్ద పనుల ఖర్చును దానికి కలుపుకోవచ్చు. వెల్ల వేయించిన ఖర్చు కలవదు. మేస్త్రీలకు చేతికి నోట్లిచ్చి ఊరుకుంటే ఇరవయ్యేళ్ల తర్వాత ఏ రుజువూ ఉండదు. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి, బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి.

ఇప్పుడు ఆదాయం అన్న మాటకు వద్దాం. తిరుమల యాత్రికులు వచ్చిపోయే దారిలో, రాజమహల్ పక్కన, నడుమ తొట్టి ఉన్న వందేళ్ల ఇల్లు. అద్దెకిచ్చిన ఆ రెండు గదుల్నే హోమ్‌స్టేగా మార్చే ఆలోచన చేశారా? కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా నమోదు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. మీరున్నారు. 2025 కేంద్ర బడ్జెట్లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. మన రాష్ట్రం కూడా 2024లో తెచ్చిన పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తిరుపతిలో పర్యాటక శాఖ ఆఫీసుకు వెళ్లి మీ స్థాయి ఇంటికి ఇప్పుడు ఏమేం వర్తిస్తాయో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు.

దీనివల్ల పన్నులో తేడా ఏమిటంటే, హోమ్‌స్టే ఆదాయం వ్యాపార ఆదాయం. అక్కడ 30 శాతం అనే గీత లేదు. ఆ గదుల చిన్న మరమ్మతు ఖర్చు ఆ ఏడాది ఆదాయంలోంచి పూర్తిగా తీసేయవచ్చు, పెద్ద ఖర్చును తరుగుదల కింద ఏటా కొంత చూపించవచ్చు. రుణం మీద వడ్డీ కూడా ఖర్చే. అమెరికాలో మీ మేనల్లుడు చెప్పిన రాయితీకి మన దగ్గర కాస్త దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే ఇదే. అక్కడైనా ఇక్కడైనా ఇల్లు నాలుగు రాళ్లు సంపాదిస్తేనే పన్ను చట్టం దానివైపు తల తిప్పుతుంది. అయితే అతిథులు వస్తారు, వాళ్ల చెప్పులు పడసాలలో ఉంటాయి, తెల్లవారుజామున మూడింటికి దర్శనానికి లేచి వేడినీళ్లు అడుగుతారు. అది మీ ఒంటికి పడుతుందో లేదో మీరే తేల్చుకోవాలి. పడదనుకుంటే అద్దెదారులే నయం.

గుడి దారి మాత్రం వేరే. ఊరందరూ వచ్చే గుడి అయితే దానికి డబ్బు వచ్చే మార్గాలున్నాయి. దేవాదాయ శాఖలో సర్వ శ్రేయోనిధి ఉంది, టీటీడీలో శ్రీవాణి ట్రస్టు ఉంది. యాత్రికులు 10,000 విరాళమిచ్చి బ్రేక్ దర్శనం టికెట్టు తీసుకుంటారే, ఆ ట్రస్టే. కొత్త గుళ్లు కట్టడానికీ పాత గుళ్లు బాగుచేయడానికీ అందులోంచి ఇస్తారు. కానీ గుడి మీ ఇంటి కాగితాల్లోనే కలిసి ఉంటే అది మీ సొంత పూజగది కిందే లెక్క. ఊరి పెద్దలతో కూర్చుని, గుడి జాగా వరకు వేరుచేసి, కమిటీయో ట్రస్టో రాయించాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకసారి ప్రజల గుడి అని రాశాక అది మీ ఇంటి ఆస్తి కాదు, దేవాదాయ శాఖ అడిగే హక్కు వస్తుంది. మీ మామగారి వంశం పేరు గోడ మీద ఉంటుందేమో గానీ తాళంచెవి మీ చేతిలో ఉండకపోవచ్చు. ఒప్పుకోగలిగితేనే ముందుకెళ్లండి. ఆ 100 మీటర్ల నియమం గుడికీ వర్తిస్తుంది, దేవుడని వదిలిపెట్టరు.

కాగితాలు తిరుగుతూ ఉంటాయి, మిద్దె మాత్రం కారుతూనే ఉంటుంది. కాబట్టి ఈలోగా చూసుకోవలసిన నాలుగు మాటలు. మీరు రాసినదాన్ని బట్టి అది మద్రాసు మిద్దె అనుకుంటున్నాను. టేకు దూలాలూ వాసాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా ఐమూలగా పేర్చి, సున్నంతో బిగించి, పైన ఇటుక ముక్కల గచ్చు పోసి ఉంటారు. ఇలాంటి మిద్దె కారగానే మేస్త్రీ చెప్పే మొదటి మాట, ‘పైన రెండంగుళాలు సిమెంటు పోసేద్దామమ్మా’ అని. వద్దు. దూలాల మీద బరువు పెరుగుతుంది. సిమెంటు బీటలిచ్చిన చోట దిగిన నీళ్లు బయటికి పోలేక కింద కర్రను కుళ్లబెడతాయి. సున్నం గోడకు సిమెంటు పూత పూసినా అంతే, చెమ్మ లోపలే చిక్కుకుని గోడ ఉప్పు తేలి పెచ్చులూడుతుంది.

దూలం నడుమ చూడటానికి బాగానే ఉంటుంది. చెడేది గోడలోకి వెళ్లిన కొస. స్క్రూడ్రైవర్‌తో ఆ కొసల దగ్గర పొడిచి చూడమనండి. మెత్తగా దిగితే ఆ దూలానికి వెంటనే కింద నిట్టాడి నిలబెట్టాలి. కొస ఒక్కటే పోతే దూలమంతా మార్చనక్కర్లేదు, చెడిన మేర కోసి కొత్త టేకు అతికించగల వడ్రంగులు ఉన్నారు. పిట్టగోడ మీద రావి మొక్క ఉందా? లాగి పారేస్తే పైన ఆకులు పోతాయి, వేరు గోడలో మిగిలి వచ్చే ఏడు మరింత లావెక్కుతుంది. కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, ఆ తర్వాత సందు పూడ్చాలి. నీళ్లు దిగే తూముల్లో చెత్త తీయించండి. కారే మిద్దెల్లో చాలావాటికి అసలు జబ్బు అక్కడే ఉంటుంది. తూము శుభ్రం చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టార్పాలిన్ కప్పడానికీ అక్కర్లేదు.

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. కూలకముందు పగుళ్లు పెద్దవవుతూ కనిపించాయి. రాజగోపురం కాబట్టి ఒక ప్రైవేటు సంస్థ సొంత ఖర్చుతో మళ్లీ కట్టించింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. మీ ఇంటికి అలా ఎవరూ రారు. గోడ మీద పగులు కనిపిస్తే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాసి ఉంచండి. గీత దాటి పగులు సాగుతుంటే అర్జీలో ఆ ఫోటోలు ముందు పెట్టండి, పని అత్యవసరమని నమ్మించేవి అవే.

గానుగ సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ లేకపోలేదు. పాత గుళ్ల పనులు చేసేవారిని అడగండి. మీ ఎదురుగా ఉన్న రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కర్ర వాడలేదు. కోటలో సున్నం పని జరిగినప్పుడల్లా వచ్చే మనుషులు ఊళ్లో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటారు.

చివరిగా ఒక జాగ్రత్త. హోమ్‌స్టే ఆలోచన ఉంటే, గదులకు స్నానాల గదులు కలపాల్సి వస్తుంది. వాటిని ఇప్పుడున్న గోడల లోపలే, పెరటి వైపు గదిని రెండుగా చేసుకుని అమర్చుకోండి. ఇంటికి ఆవల కొత్త గోడ లేపితే నిషిద్ధ ప్రాంతంలో అది కొత్త కట్టడం కిందికే వస్తుంది. మిద్దె పని, దూలాలు, స్నానాల గదులు, నీళ్ల గొట్టాలు అన్నీ ఒకే అర్జీలో, ఒకే ప్లానులో చూపించండి. ఇప్పుడు మిద్దెకు ఒకటి, ఆర్నెల్ల తర్వాత గదులకు ఒకటి అని పెడితే, రెండోసారి మళ్లీ మొదటి నుంచీ తిరగాలి, అప్పటికి మీ మరుదుల మనసు ఎటు తిరుగుతుందో చెప్పలేం.